పోపుల డబ్బాలో ఏడు రోజులు

మా ఇంట్లో రెండు పోపుల డబ్బాలున్నాయి. ఒకదానిలో ఆవాలు, జీలకర్ర, మినప్పప్పు వగైరా ఉంటాయి. అది మా ఆవిడది. రెండోది నాది. అందులో మా ఆవిడ మాత్రలు ఉండేవి. మధ్య గిన్నె ఆదివారం, దాని చుట్టూ ఉన్న ఆరు గిన్నెలు సోమవారం నుంచి శనివారం దాకా. ఇలాంటివాటికి ఫార్మసీలో ప్లాస్టిక్ పెట్టెలు దొరుకుతాయి, మూతల మీద వారాల అక్షరాలు వేసినవి. వాటి మూతలు తెరవాలంటే గోళ్ళు కావాలి. నాకు గోళ్ళు కొరికే అలవాటు. పైగా ఇండియా నుంచి మోసుకొచ్చిన ఆ స్టీలు డబ్బా పై అరలో ఏ పనీ లేకుండా కూర్చుని ఉంది. ఏడు గిన్నెలు, ఏడు రోజులు. నాకోసమే చేయించినట్టు అనిపించింది.

మా ఆవిడకి అలా అనిపించలేదు. "పోపుల డబ్బాలో మందులేంటండీ, చోద్యం కాకపోతే! ఎప్పుడో తొందర్లో చారులో ఈ మాత్రలు వేస్తాను. అప్పుడు ఇద్దరికీ కొలెస్ట్రాల్ తగ్గుతుంది" అంది.

ఆదివారం పొద్దున కాఫీ అయ్యాక నేను డబ్బా ముందేసుకుని కూర్చునేవాణ్ణి. వారానికి సరిపడా మాత్రలు గిన్నెల్లో సర్దేవాణ్ణి. రాత్రి భోజనాలయ్యాక ఆ రోజు గిన్నె తీసుకుని ఆమె ముందు నిలబడితే, కుడిచెయ్యి దోనెలా వంచి, దాని కింద ఎడమచెయ్యి పెట్టి, గుళ్ళో తీర్థం పట్టినట్టు పట్టేది. మొదటి రోజు వెక్కిరింపుకే పట్టింది. "పూజారిగారూ, తీర్థం" అంది. తర్వాత అదే అలవాటైపోయింది. ఏం మాత్ర అని అడిగింది లేదు, డబ్బాలోకి తొంగి చూసింది లేదు. మూడేళ్ళు అలా గడిచాయి.

నా సంగతి కూడా చెప్పాలి. మేముండేది ప్లెయిన్స్‌బరోలో. నేను ఒక ఇన్సూరెన్స్ కంపెనీకి సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తాను. ఇరవై ఏళ్ళకి పైగా ఇంకొకరు రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు పట్టడమే నా ఉద్యోగం. ఆ ఉద్యోగం మనిషిని పాడుచేస్తుంది. పెళ్ళికార్డు చేతికొస్తే ముహూర్తం కన్నా ముందు అచ్చుతప్పులు కనపడతాయి. దానికి తోడు ముక్కు మీద కోపం. మా ఆవిడ దగ్గరలోనే ఒక డేకేర్‌లో పనిచేస్తుంది, రెండేళ్ళ పిల్లల గదిలో. రోజంతా వాళ్ళని ఎత్తడం, దించడం, మళ్ళీ ఎత్తడం. నా కోపాన్ని ఆ గదిలో నేర్చుకున్న ఓపికతోనే భరిస్తుందని నా అనుమానం.

ఆమె రక్తపరీక్షలో చెడ్డ కొలెస్ట్రాల్ ఎక్కువగా వచ్చింది. వాళ్ళ నాన్నగారికి చిన్నవయసులోనే గుండెపోటు వచ్చిందని విని, ఇక్కడి డాక్టరు స్టాటిన్ అనే కొలెస్ట్రాల్ తగ్గించే మందు మొదలుపెట్టమన్నారు. సిమ్వాస్టాటిన్, రోజుకొకటి, రాత్రిపూట. మా ఆవిడ ఒప్పుకోలేదు. "నెయ్యి మానేస్తాను, వేపుళ్ళు మానేస్తాను, మాత్ర ఎందుకు?" అని పట్టుబట్టింది. నేను ఊరుకుంటానా! ఒక సాయంత్రమంతా చదివి, కాగితం మీద గడులు గీసి, బాణాలు వేసి, ఆమెని డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చోబెట్టాను.

తిండిలోంచి వచ్చే కొలెస్ట్రాల్ కొంతేననీ, ఎక్కువ భాగం లివరే తయారుచేస్తుందనీ, అదీ రాత్రిళ్ళు ఎక్కువగా చేస్తుందనీ చెప్పాను. ఆ తయారీకి ఒక ఎంజైమ్ కావాలి. స్టాటిన్ వెళ్ళి దానికి అడ్డం పడుతుంది. తయారీ తగ్గుతుంది. కానీ లివర్‌కి తన పనులకి కొలెస్ట్రాల్ లేకపోతే గడవదు. అందుకని రక్తంలో తిరుగుతున్నదాన్ని లోపలికి లాక్కోవడం మొదలుపెడుతుంది. అలా రక్తంలో తగ్గుతుంది. ఇదంతా చెప్పడానికి నాకు ఇరవై నిమిషాలు పట్టింది.

ఆమె కాగితం తనవైపు తిప్పుకుని చూసింది. "అంటే నేను వంట మానేస్తే, మీరు ఫ్రిజ్‌లో నాల్రోజుల నుంచీ ఉన్న గిన్నెలన్నీ ఖాళీ చేస్తారు. అంతేనా?" అంది.

అంతే. నేను అడ్డదిడ్డంగా గీసిన పేజీ అంతా ఆ ఒక్క ముక్కలో ఉంది. ఆ రాత్రే చెయ్యి పట్టింది.

మా బెడ్‌రూమ్ క్లోజెట్‌లో ఒక నీలం సంచి కూడా ఉండేది. ఇక్కడ మన తెలుగువాళ్ళ ఇళ్ళలో అలాంటి సంచి లేని ఇల్లు నేను చూడలేదు. ఇండియా వెళ్ళిన ప్రతిసారీ పచ్చళ్ళూ పొడులూ సర్దుకున్నాక, చివరిరోజు మెడికల్ షాపుకి వెళ్తాం. జ్వరానికి, విరేచనాలకి, గొంతునొప్పికి, అన్నిటికీ స్ట్రిప్పులు కట్టించుకుంటాం. షాపతను చీటీ చూస్తాడు కానీ మన మొహం చూడడు. ఇక్కడ అపాయింట్‌మెంట్ దొరికేలోపు జబ్బు తగ్గనైనా తగ్గుతుంది, ముదరనైనా ముదురుతుందని మా అందరికీ గట్టి నమ్మకం. మా అపార్ట్‌మెంట్లలో ఎవరికి ఒంట్లో బాగాలేకపోయినా "మీ దగ్గర ఫలానాది ఉందా అండీ?" అని నాకే మెసేజ్ వచ్చేది. ఎందుకంటే నా సంచికి ఎక్సెల్ షీట్ ఉంది. మందు పేరు, దేనికి, ఎన్ని ఉన్నాయి, ఎప్పటిదాకా పనిచేస్తుంది, అన్నీ అందులో ఉండేవి. ఆ షీట్ చూసుకుని మురిసిపోయేవాణ్ణి. ఇప్పుడు తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది.

మార్చి నెల. డేకేర్‌లో పిల్లలందరికీ దగ్గు. ఆమెకీ అంటింది. పదిరోజులైనా తగ్గలేదు. శుక్రవారం డాక్టర్ ఆఫీస్‌కి ఫోన్ చేస్తే వచ్చే గురువారం రమ్మన్నారు.

"గురువారం దాకా ఇలా దగ్గుతూ కూర్చుంటావా?" అన్నాను, తప్పంతా ఆమెదే అన్నట్టు.

"అదే తగ్గుతుందిలెండి. పిల్లలకి తగ్గలేదూ!" అంది.

నేను అప్పటికే సంచి దించాను. అంతకు ముందటి చలికాలం విజయవాడలో నాకు గొంతు పట్టేస్తే అక్కడి డాక్టరు క్లారిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్ రాశారు. మూడు రోజుల్లో లేచి తిరిగాను. ఎందుకైనా మంచిదని వచ్చేటప్పుడు ఇంకో కోర్సు కొనుక్కొచ్చాను. నాకు పనిచేసింది, ఆమెకెందుకు పనిచేయదు? అప్పుడు నా తర్కం అంతవరకే వెళ్ళింది. ఊరికే ఇవ్వలేదు సుమండీ. ఎక్స్‌పైరీ చూశాను. ఎలర్జీ ఏమీ లేదని చూశాను. రోజుకి రెండు, వారం రోజులు, డోసు సరిగ్గా ఉందని చూశాను. ఆదివారం పొద్దున పోపుల డబ్బా ముందేసుకుని, ప్రతి గిన్నెలోనూ సిమ్వాస్టాటిన్ పక్కన రెండేసి కొత్త మాత్రలు పెట్టాను. ఏడు గిన్నెలూ నిండుగా, ముచ్చటగా కనపడ్డాయి.

బుధవారానికి దగ్గు తగ్గింది. అదెలాగూ తగ్గే దగ్గేనని తర్వాత తెలిసింది. నేను మాత్రం ఛాతీ విరుచుకుని గురువారం అపాయింట్‌మెంట్ కాన్సిల్ చేశాను.

ఆ గురువారం సాయంత్రం ఆమె ఇంటికొచ్చి, చెప్పులు విప్పకుండానే కుర్చీలో కూలబడింది. "ఇవాళ ఒక చంటిదాన్ని ఎత్తుకోలేకపోయానండీ. చేతులు చాపి నిలబడింది పాపం. వంగాను కానీ లేవలేకపోయాను. తొడలు పట్టేసినట్టున్నాయి."

"దగ్గి దగ్గి ఒళ్ళు అలిసింది. అంతే" అన్నాను. కాళ్ళకి నొప్పి బామ్ రాశాను. "వాకింగ్ మానేశావు, అందుకే" అని కూడా అన్నాను.

శుక్రవారం సాయంత్రం ఇద్దరం కూరగాయలు కొనుక్కుని వచ్చాం. మాది రెండో అంతస్తు, లిఫ్ట్ లేదు. నా రెండు చేతుల్లోనూ సంచులు. ముందు నడుస్తున్న ఆమె సగం మెట్లెక్కి రెయిలింగ్ పట్టుకుని ఆగింది. తర్వాత మెట్టు మీద కూర్చుండిపోయింది. వెనక పక్కింటివాళ్ళు ఎక్కలేక ఆగిపోయారు. నాకు నామర్దాగా అనిపించింది. ఇంట్లో క్రికెట్ మ్యాచ్ కూడా మొదలైపోయి ఉంటుంది.

"నాటకాలు చాల్లే, లే" అన్నాను.

తెలుగులో, గొంతు తగ్గించి అన్నాను. పక్కింటివాళ్ళకి అర్థం కాలేదు. ఆమెకి అర్థమైంది. నావైపు ఒకసారి చూసి, రెయిలింగ్‌ని రెండు చేతులతో పట్టుకుని, తనని తానే పైకి లాక్కుంటున్నట్టు లేచింది. ఆ రాత్రి గిన్నె పట్టుకెళ్తే ఎప్పట్లాగే చెయ్యి పట్టింది. ఆ చెయ్యి వణికింది. నేను చూశాను. చూసి కూడా మాత్రలు వేశాను.

శనివారం పొద్దున సిమ్వాస్టాటిన్ రీఫిల్ తీసుకోవడానికి ఫార్మసీకి వెళ్ళాను. కౌంటర్ వెనక తెల్లకోటులో మన తెలుగమ్మాయే ఉంటుంది, అక్కడి ఫార్మసిస్ట్. ఇక్కడే పుట్టి పెరిగింది. నన్ను చూస్తే తెలుగు మాట్లాడాలని ఉత్సాహపడేది. ఆ తెలుగు చిన్నప్పుడు ఇంట్లో అమ్మానాన్నల దగ్గర వచ్చినంత వరకే.

"అంకుల్, ఆంటీ బాగుందా?" అని అడిగింది.

"దగ్గు వచ్చింది కానీ తగ్గిపోయిందమ్మా. యాంటీబయాటిక్ ఇచ్చాను, ఇవాళ్టితో కోర్సు అయిపోతుంది" అన్నాను, గొప్పగా.

ఆ అమ్మాయి స్క్రీన్ వైపు చూసింది. "ఏ యాంటీబయాటిక్? నాకు ఇక్కడ కనిపించట్లేదు."

"ఇండియా నుంచి తెచ్చుకున్నదిలే" అని పేరు చెప్పాను.

ఆమె మొహంలో నవ్వు పోయింది. కౌంటర్ మీదికి వంగి, "అంకుల్, ఆంటీకి లెగ్స్ నొప్పి ఉందా?" అంది.

"కొంచెం ఉంది. దగ్గు వల్ల..."

"సుస్సు కలర్ ఎట్లా ఉంది? డార్క్ ఉందా?"

పాపం, ఆ మాటకి పెద్దవాళ్ళ తెలుగు ఆ పిల్లకి రాదు. నాకు నవ్వు రాబోయింది. ఆమె నవ్వడం లేదని చూసి ఆగిపోయాను. "నాకు తెలీదమ్మా" అన్నాను.

"కాల్ చెయ్యి అంకుల్. ఇప్పుడే. స్పీకర్‌లో పెట్టు."

ఫోన్ చేశాను. ఆ అమ్మాయి అదే ప్రశ్న మా ఆవిడని అడిగింది. అవతల నుంచి మెల్లగా, "అవునమ్మా. నిన్న రాత్రి నుంచీ. కాఫీ డికాక్షన్‌లా వస్తోంది" అంది.

"అంకుల్‌కి చెప్పలేదా ఆంటీ?"

"లేదమ్మా. ఆయన పనిలో ఉన్నారు."

నిన్న రాత్రంతా నేను సోఫాలో పడుకుని మ్యాచ్ చూశాను. ఆమెకి ఆ సంగతి తెలుసు. ముక్కూమొహం తెలియని పిల్ల ముందు నన్ను కాపాడింది. ఏం జరుగుతోందో ఇంకా తెలీదు కానీ, నేను ఏదో ఘోరం చేశానని మాత్రం ఆ కౌంటర్ దగ్గరే తెలిసిపోయింది.

"ఇవాళ ఇంక ఏ టాబ్లెట్ వద్దు. రెండూ వద్దు" అంది ఆ అమ్మాయి. "ఎమర్జెన్సీకి తీసుకెళ్ళు అంకుల్, స్ట్రెయిట్‌గా. ఆంటీ ఏం వేసుకుంటుందో అన్నీ పట్టుకెళ్ళు."

ఇంటికెళ్ళేసరికి ఆమె తలుపు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చుని ఉంది. మెట్లు దిగలేకపోయింది. చివరికి కూర్చుని, చంటిపిల్లలు దిగినట్టు ఒక్కో మెట్టూ జారుతూ దిగింది. నేను ఆమెకి ఎదురుగా, వెనక్కి నడుస్తూ రెండు చేతులూ పట్టుకున్నాను. నిన్న నేను ఆ మాట అన్న మెట్టు వచ్చింది. సగం దిగాక, "డబ్బా మర్చిపోయారు" అని గుర్తుచేసింది. పరుగెత్తి తెచ్చాను.

ఎమర్జెన్సీలో నర్సు ఏం మందులు వాడుతున్నారని అడిగితే, పోపుల డబ్బా మూత తీసి చూపించాను. శనివారం గిన్నెలో రెండు మాత్రలు మిగిలి ఉన్నాయి. మూడేళ్ళైనా ఆ డబ్బాలో జీలకర్ర వాసన పోలేదు. "ఎంత మంచి వాసనో" అంది ఆ నర్సు. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

రక్తపరీక్షలు చేశారు. కండరాలు దెబ్బతింటే రక్తంలోకి వచ్చే ఒక పదార్థం ఉంటుందట, అది ఉండాల్సిన దానికంటే ఎన్నో రెట్లు ఉంది. డాక్టరు మంచం పక్కన కూర్చుని నిదానంగా చెప్పారు. ఆమె కండరాలు లోపల కరుగుతున్నాయి. ఆ కరిగినదంతా కిడ్నీల్లోకి చేరి అడ్డం పడుతోంది. సెలైన్ ఎక్కించి కడిగేస్తాం. రెండు మూడు రోజుల్లో కిడ్నీలు తేరుకోవచ్చు. తేరుకోకపోతే డయాలిసిస్ గురించి ఆలోచించాలి. "మీ తప్పేనా అని ఇప్పుడు ఆలోచించకండి, నీళ్ళు తాగించండి" అన్నారు, నా మొహం చూసి.

ఆలోచించకుండా ఎలా ఉంటాను? ఆదివారం మధ్యాహ్నం ఆమె నిద్రపోతుంటే నీలం సంచి పట్టుకుని ఫార్మసీకి వెళ్ళి, ఆ అమ్మాయి ముందు మొత్తం కుమ్మరించాను. "ఎలా జరిగిందో చెప్పమ్మా. సిమ్వాస్టాటిన్ రోజుకి ఒకటే ఇచ్చాను" అన్నాను.

తను ఇంగ్లీషులో మొదలుపెట్టి, నా కోసం తెలుగులోకి వచ్చింది. "లివర్‌లో ఇంకో ఎంజైమ్ ఉంది అంకుల్. మెడిసిన్స్‌ని కట్ చేసేది. సిమ్వాస్టాటిన్ వెయ్యగానే అది చాలావరకు కట్ చేసేస్తుంది, కొంచెమే బ్లడ్‌లోకి వెళ్తుంది. ఆ కొంచెమే మనకి కావాలి. డోస్ అట్లా లెక్కపెట్టి ఇస్తారు. ఈ యాంటీబయాటిక్ ఆ కట్ చేసేదాన్ని ఆపేస్తుంది. సో అంతా బ్లడ్‌లోకి వెళ్ళింది. మజిల్స్‌లోకి వెళ్ళింది. నువ్వు ఒకటే ఇచ్చావు. లోపల చాలా ఉంది."

"మరి ఎవరూ చెప్పరేం?"

"ఇక్కడ కొంటే కంప్యూటర్ రెడ్ చూపిస్తుంది అంకుల్. నేను నీకు ఇవ్వను. బ్యాగ్‌లో ఉన్నది కంప్యూటర్‌కి తెలీదు కదా."

తర్వాత ఒక్కో స్ట్రిప్పూ తిప్పి చూసింది. ఫంగస్‌కి తెచ్చుకున్న మాత్రలు పక్కన పెట్టి, స్టాటిన్‌తో ఇవి కూడా జాగ్రత్త అంది. అన్ని స్టాటిన్లూ ఒకేలా ఉండవనీ, కొన్ని ఆ ఎంజైమ్ దారిలో వెళ్ళవనీ చెప్పింది. గ్రేప్‌ఫ్రూట్ తింటారా అని అడిగింది. లేదన్నాను. మంచిది, అది కూడా ఆ కట్ చేసేదాన్ని ఆపేస్తుంది అంది.

కారులో కూర్చున్నాక స్టార్ట్ చేయలేకపోయాను. నా వృత్తిలో కొత్తగా చేరిన పిల్లలకి నేను చెప్పే మొదటి పాఠం ఒకటుంది. ఒక్కో ముక్కనీ విడిగా పరీక్షిస్తే అన్నీ బాగానే ఉంటాయి. కలిపినప్పుడు చూడండి, అసలు తప్పులు అక్కడుంటాయి. ఇరవై ఏళ్ళుగా ఈ మాట చెబుతున్నాను. ఇంట్లో ఒక్కో మాత్రనీ విడిగా చూశాను. ఎక్స్‌పైరీ పాస్, ఎలర్జీ పాస్, డోసు పాస్. ఒకే గిన్నెలో రెండూ పక్కపక్కన పెడుతూ, వాటికి ఒకదాంతో ఒకటి ఏమైనా పేచీ ఉందా అని ఆలోచించలేదు. అంతకన్నా ఘోరం ఇంకోటి. తేడాగా ఉందని ఆమె స్వయంగా వచ్చి చెప్పింది. గురువారం నోటితో చెప్పింది, శుక్రవారం మెట్టు మీద కూర్చుని చెప్పింది. ఆఫీస్‌లో ఎవరైనా అలా చెబితే నేను పేజీలకి పేజీలు ప్రశ్నలు వేస్తాను. ఎప్పుడు మొదలైంది, ఏం చేస్తుంటే వచ్చింది, ముందు రోజు ఏం మారింది? ఈ మూడో ప్రశ్న ఒక్కటి వేసినా ఆదివారం గిన్నెలు గుర్తొచ్చేవి.

ఆసుపత్రిలో నా పని నీళ్ళు తాగించడం, రంగు చూడడం. మొదట డికాక్షన్. ఆదివారం సాయంత్రానికి చిక్కటి టీ. ప్రతిసారీ నర్సుతో పాటు నేనూ వంగి చూసేవాణ్ణి. "ఇంతకు ముందు నా కొత్త చీర రంగు కూడా చూడలేదు ఈ మనిషి" అని మా ఆవిడ నవ్వింది. నవ్వితే పొట్ట కండరాలు నొప్పెట్టి మళ్ళీ మూలిగింది. కిడ్నీ పరీక్ష అంకె మాత్రం తగ్గలేదు. సోమవారం పొద్దున ఇంకాస్త పెరిగింది. డాక్టరు ఇంకో రోజు చూద్దామన్నారు. ఆ "ఇంకో రోజు" అనే మాట పట్టుకుని కూర్చున్నాను. నాకు చాలా భయమేసింది. ఆమె లేకపోతే అనే ఆలోచన వచ్చింది. దాన్ని పూర్తి చేయకుండా లేచి కిటికీ దగ్గరికి వెళ్ళాను.

వెనక్కి వచ్చి, ఆమె మంచం పక్కన కూర్చుని మొత్తం చెప్పాను. రెండు మాత్రల సంగతి, లివర్ సంగతి, కంప్యూటర్ సంగతి. "నా చేతులతో నేనే పెట్టాను నీకు" అన్నాను.

ఆమె కప్పు వైపు చూస్తూ విన్నది. "మాత్ర సంగతి నాకేం కోపం లేదండీ" అంది. "మీకు తెలీదు. తెలిస్తే ఇవ్వరు. మెట్ల మీద మాత్రం మీరు అడగలేదు. ఎక్కడ నొప్పి, ఎప్పటి నుంచి అని ఒక్క ముక్క అడగలేదు. ఇరవైతొమ్మిదేళ్ళలో నేను ఎప్పుడు నాటకాలాడాను చెప్పండి?"

ఎప్పుడూ లేదు. ఆమె చెయ్యి మీద తల పెట్టుకుని ఏడ్చాను. ఆమె ఓదార్చలేదు, చెయ్యీ లాక్కోలేదు. కాసేపటికి "నీళ్ళు" అంది. గ్లాసు పట్టుకున్నాను.

మంగళవారం ఆ అంకె దిగింది. బుధవారం ఇంకా దిగింది. కిడ్నీలు నిలబడ్డాయి. రంగు మజ్జిగ తేటలా మారిన పొద్దున నర్సూ నేనూ చేతులు కలుపుకున్నాం. గురువారం ఇంటికొచ్చాం. నేను కాన్సిల్ చేసిన అపాయింట్‌మెంట్‌కి సరిగ్గా వారం.

ఒళ్ళు తేరుకోవడానికి నెలలు పట్టింది. మొదట మెట్లు దిగడం, తర్వాత ఎక్కడం, తర్వాత రెయిలింగ్ లేకుండా ఎక్కడం. వేసవి మొదట్లో డేకేర్‌కి వెళ్ళిన రోజు సాయంత్రం తలుపు తీస్తూనే, "ఎత్తుకున్నానండీ. మూడుసార్లు ఎత్తుకున్నాను దాన్ని" అంది. నేను నీలం సంచి ఆ అమ్మాయికే అప్పగించి పారేయించాను. అపార్ట్‌మెంట్ల గ్రూపులో జరిగింది జరిగినట్టు రాశాను. చాలామంది దణ్ణం బొమ్మలు పెట్టారు. ఇద్దరు మాత్రం విడిగా ఫోన్ చేసి, తమ మాత్రల పేర్లు చదివి వినిపించారు. వాళ్ళని ఫార్మసీకి పంపించాను. పోపుల డబ్బా కడిగి పై అరలో బోర్లించాను.

ఆగస్టులో డాక్టరు మళ్ళీ స్టాటిన్ మాట ఎత్తారు. వేరే రకం, ఆ ఎంజైమ్ దారిలో వెళ్ళనిది, చిన్న డోసు. వాళ్ళ నాన్నగారి గుండె సంగతి ఎక్కడికీ పోలేదు కదా. ఆమె ఆలోచించుకుని సరేనంది. ఆ రోజు భోజనాలయ్యాక నేను కొత్త సీసా ఆమె ముందు పెట్టాను.

"ఇకనుంచి నువ్వే వేసుకో. నేను ముట్టుకోను" అన్నాను.

ఆమె లేచి, పీట వేసుకుని, పై అరలోంచి స్టీలు డబ్బా దించి నా ముందు పెట్టింది. కుర్చీలో కూర్చుని కుడిచెయ్యి దోనెలా వంచింది. ఎడమచెయ్యి కింద పెట్టింది.

నేను సీసా మీద లేబుల్ చదివాను. ఇవాళ ఇంకేమైనా వేసుకున్నావా అని అడిగాను. లేదంది. తలనొప్పి మాత్ర? లేదు. కషాయం? లేదు. సీసాతో ఇచ్చిన కాగితం విప్పి మొదటి పేజీ చదివాను. వెనక పేజీ చిన్న అక్షరాలు. కళ్ళజోడు మార్చుకుని అదీ చదివాను. ఏదో అనుమానం వచ్చి మళ్ళీ మొదటి పేజీకి వచ్చాను.

"ఇంకెంతసేపండీ, చెయ్యి లాగేస్తోంది" అంది.

కాగితం కింద పడేశాను. "లాగుతోందా? ఎక్కడ? భుజం దగ్గరా, మోచెయ్యా? ఎప్పటి నుంచి? రెండు చేతులూనా?"

ఆమె చెయ్యి దించలేదు. నన్నే చూస్తోంది. ముందు నవ్వింది, తర్వాత కళ్ళనిండా నీళ్ళు వచ్చాయి.

"ఐదు నిమిషాల నుంచి. మీరు ఆ కాగితం చదవడం మొదలుపెట్టినప్పటి నుంచి" అంది. చెయ్యి ఇంకాస్త ముందుకి చాపి, "అడిగారుగా. ఇక వెయ్యండి" అంది.

వేశాను.